మూడు కోతల గడువు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రాజ్యం ఉండేదట. ఎప్పటి మాటో నాకూ తెలియదు. అక్కడ వరి విరగపండేది గానీ, వరి కోసే కొడవలి మాత్రం ఓడ మీద పరదేశం నుంచి రావలసిందే.

ఒక ఏడు ఓడ రాలేదు; పాత కొడవళ్ళు అరిగిపోయి ఉన్నాయి. పండిన చేను కోసే దిక్కులేక గింజంతా నేలరాలింది. పిల్లలు గంజికి ఏడ్చారు.

రాజుగారు కమ్మరి రుద్రయ్యను పిలిపించారు. "మూడు కోతల దాకా పరదేశపు కొడవలిని రేవులో దిగనివ్వను; అది దొరికితే మీది ఎవరూ కొనరు. ఈలోగా నువ్వూ, నీ తోటివాళ్ళూ నేర్చుకోండి."

రుద్రయ్య అదివరకు నాగలి కర్రు చేశాడు, గొడ్డలి చేశాడు. పళ్ళున్న కొడవలి ఎన్నడూ చేయలేదు. తను చేయలేకపోతే ఊరంతా పస్తే!

మొదటి కోతకు ఇనుము మరీ బిరుసెక్కింది. కొడవలి మూడో గుప్పిటికే విరిగింది.

"ఏం బావా, ఇది కొడవలా, అప్పడమా?" అంది కోతకొచ్చిన పేరమ్మ. చేలో ఆడవాళ్ళంతా నవ్వారు. గింజ సగం రాలేసరికి ఆ నవ్వూ ఆగిపోయింది.

రెండో కోతకు మెత్తబరిచాడు. విరగలేదు గానీ, పొద్దెక్కేసరికి మొద్దుబారింది. పేరమ్మ ఈసారి వేళాకోళమాడలేదు. బొబ్బలెక్కిన అరచెయ్యి చూపించిందంతే. రుద్రయ్యకు అన్నం సయించలేదు.

"ఎందుకోయ్ బెంగ?" అన్నాడు పక్క కొలిమి కామయ్య. "రేవు ఎప్పటికీ మూసే ఉంచమందాం. మనం ఏది చేస్తే అదే కొంటారు. కొనక చస్తారా?"

ఆ మాట రుద్రయ్యకు తియ్యగానే తోచింది. అందుకే భయమేసింది.

మూడో ఏడు తొలి మడి పండగానే తనే చేలో దిగాడు. కోయబోతే కొడవలి జారిపోయింది.

"నెట్టకు బావా! నీ వైపు లాగి కోయాలి," అంది పేరమ్మ.

అప్పుడు తెలిసింది రుద్రయ్యకు. ఇన్నాళ్ళూ పళ్ళను కొనవైపు వంచాడు! తను వరి కోసిందెప్పుడు గనక? కొలిమికి పరుగెత్తి పళ్ళను పిడివైపు తిప్పాడు. ఆ ఏడు గింజ రాలలేదు.

గడువు తీరింది. "రేవు తెరవనా?" అన్నారు రాజుగారు.

"వద్దు ప్రభూ!" అన్నాడు కామయ్య.

రుద్రయ్య ముందుకొచ్చాడు. "తెరవండి ప్రభూ. లేకపోతే ఎలా చేసినా కొంటారులే అని, వచ్చే ఏడు నేను చేలో దిగను. నా సంగతి నాకు తెలుసు."

మరుసటి కోతకు ఓడ వచ్చింది. పేరమ్మ రుద్రయ్య కొడవలితో ఒక గుప్పిడి కోసింది, పరదేశపుదాంతో ఒక గుప్పిడి కోసింది. ఆమె పరదేశపుదాన్ని గట్టు మీద పెట్టి, రుద్రయ్య కొడవలితో మునుం పట్టి, తన వరస కోసుకుంటూ సాగిపోయింది.

నేర్చుకునేదాకా అండ కావాలి నాయనలారా. నేర్చాక కూడా అండ వదలనివాడి చేతిలో విద్య నిలవదు.