నాలుక కింది మాత్ర

2011 జూన్ 2, గురువారం. తెల్లవారినప్పటి నుంచి ఒంగోలు చుట్టుపక్కల ఆకు కదల్లేదు. సముద్రం వైపు మబ్బు పట్టింది గాని చినుకు రాలలేదు. ఆ మబ్బు ఎండను ఆపిందీ లేదు, ఉక్కను మాత్రం మూతపెట్టినట్టు ఊరి మీద నిలబెట్టింది. అంబులెన్సు వెనక తలుపులు తీసి మందుల పెట్టె సర్దుతున్న దీవెన, పొద్దుటి నుంచి మనసులో నలుగుతున్న ప్రశ్న అడిగేసింది.

"సార్, మందు పేరు చూస్తాం, మోతాదు చూస్తాం, గడువు తేదీ చూస్తాం. అక్కడితో అయిపోవాలి గదా. మీరేమో ఇంట్లోవాళ్లను ఒక్కొక్కర్నీ చాటుకు పిలిచి 'ఇంతకు ముందేం వేశారు' అని మళ్లీ అడుగుతారు. అందరూ కలిసి ఒకే మాట చెప్పాక కూడా అనుమానమేనా? దొంగల్ని విచారించినట్టుంటుంది సార్."

డాక్టర్ కోదండపాణి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒక పెద్దాసుపత్రిలో, ప్రాణం మీదికొచ్చినవాళ్లను చూసే విభాగంలో తల నెరిసేదాకా పనిచేసి, ఇప్పుడు అంబులెన్సు సిబ్బందికి పాఠాలు చెబుతున్నారు. వారంలో ఒకరోజు శిష్యులతో పాటు బండెక్కుతారు. ప్రశ్న అడిగితే కళ్లజోడు తుడుచుకోవడం ఆయన అలవాటు, జవాబు చెప్పడం కాదు.

పాతకాలపు కాంపౌండర్లు మందు సీసాకు కాగితం పట్టీ అంటించి, దానికి కత్తెరతో గాట్లు పెట్టి, పూటకొక గాటు తాగమనేవారు. రోగి ఆశపడి రెండు గాట్లు ఒకేసారి తాగితే సీసాయే చాడీ చెప్పేది. ఇప్పటి మాత్రల అట్టకు ఆ గుణం లేదు. ఒక గుంట ఖాళీ అయిందని చూపిస్తుంది గాని, ఎవరి నోట్లోకి, ఎవరి చేతి మీదుగా వెళ్లిందో చెప్పదు. ఈ సంగతి దీవెనకు చెప్పేవాళ్లు లేరు. ఇంతలో ఫోను మోగింది. ఒంగోలుకు దక్షిణాన ఉన్న ఊళ్లో చెంచురామయ్య అనే పొగాకు వ్యాపారికి గుండె నొప్పి.

చెంచురామయ్య పొగాకు మీద రెండు గోడౌన్లు, రోడ్డు పక్కన ఒక మేడ సంపాదించాడు. వీలునామా రాస్తానని రోజూ అంటాడు, రాయడు. అందువల్ల ఆ ఇంట్లో ఎవరు నవ్వినా దేనికి నవ్వారని మిగతావాళ్లు ఆరా తీసేవారు. ఆయన దాహం వేస్తే తన మరచెంబులో నీళ్లే తాగుతాడు. దాని మూత తనే బిగించి, దిండు కింద పెట్టుకుని, తనే తిప్పి తీస్తాడు. పెద్దకొడుకు మాల్యాద్రి గోడౌన్లు చూస్తాడు. కూతురు సులోచన నాన్నను చూసిపోదామని అత్తగారింటి నుంచి వచ్చి, పోకుండా ఉండిపోయింది. ఇక రవణమ్మ, పోయిన చిన్నకొడుకు భార్య. ముసలాయన పక్క సర్దేదీ, ఒళ్లు తుడిచేదీ ఆమే. మేడ వెనక వాటా నీదేనని ఆయన నలుగురిలో ఒకసారి అన్నాడు. పుట్టింటి దిక్కు లేని ఆ మనిషికి ఆ మాటొక్కటే ఆధారం.

అంబులెన్సు వెళ్లేసరికి చెంచురామయ్య చెమటలో నానిపోయి ఉన్నాడు. మొహం ఎర్రబారింది. గుండె మీద చెయ్యి వేసుకుని ఒక్కొక్కరి మొహం తేరిపార చూస్తున్నాడు. దీవెన రక్తపోటు చూస్తే పైఅంకె ఎనభైకి పడిపోయి ఉంది.

"నొప్పికి ఏమన్నా వేశారా?" డాక్టరుగారు అందరినీ అడిగారు.

"ఏమీ వెయ్యలేదండీ. మీరొస్తారని ఆగాం," అన్నాడు మాల్యాద్రి.

"మాకేం తెలుసండీ మందులూ మాకులూ," అంది సులోచన.

రవణమ్మ తల అడ్డంగా ఊపింది.

డాక్టరుగారు దీవెన దగ్గరికి వంగి, "ఇది గుండె దించిన రక్తపోటా, మాత్ర దించిన రక్తపోటా తేలాలి. నువ్వు ఆ కోడలితో మాట్లాడు," అన్నారు. స్ట్రెచరుకు సాయం కావాలని మాల్యాద్రిని వరండాలోకి తీసుకెళ్లారు. తర్వాత పాత చీటీలు చూపించమని సులోచనను పక్కగదిలోకి పిలిచారు.

పెరట్లో నీళ్లతొట్టి దగ్గర రవణమ్మ బొడ్లోంచి ఒక అట్ట తీసింది. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలవి.

"ఒకటి పెట్టానమ్మా. మెలికలు తిరిగిపోతుంటే చూడలేకపోయా. కళ్లు గట్టిగా మూసుకున్నాడు, నోట్లో ఎవరేం పెడుతున్నారో ఆయనకే తెలీలేదు. చెప్పబాకు తల్లీ, నీకు దణ్ణం పెడతా. రేపు ఏం జరిగినా నేనే ఏదో పెట్టి చంపానంటారు. మావయ్య కూడా నమ్ముతాడు."

చెప్పనంది దీవెన. లోపలికొచ్చి గురువుగారి చెవిలో మాత్రం చెప్పింది.

"సరే. మాత్ర దించిందే," అన్నారాయన. "కాళ్ల కింద దిండ్లు పెట్టి ఎత్తు. సెలైన్ కట్టు. నాలుక కింది మాత్ర మనం ఇవ్వం. ఆస్పిరిన్ నమిలిద్దాం."

ఆస్పిరిన్ చూసి చెంచురామయ్య నోరు మూసుకున్నాడు. "ఏదీ, అట్ట చూపించు. నా కళ్లముందు చించు." దీవెన అలాగే చించింది. అప్పుడు నమిలాడు, ఆమె చేతివేళ్లు చూస్తూనే.

స్ట్రెచరు గుమ్మం దాటుతుండగా మాల్యాద్రి అడ్డం నిలబడ్డాడు. "ఏందమ్మా, నొప్పంటే నాలుక కింద మాత్ర పెట్టాలని పిల్లకాయలకు కూడా తెలుసు. మీ బండిలో అది కూడా లేదా? దోవలో ఏమన్నా అయితే ఎవరు జవాబు?"

"దిండ్లు పెట్టడానికా జీతాలిచ్చేది!" అంది వెనక నుంచి సులోచన.

దీవెనకు ఒళ్లు మండింది. చదువుకున్నది, పనిలో పొరపాటు చెయ్యనిది, ఆ మాట పడలేకపోయింది. "ఉందండీ! ఇంట్లో ముందే వేశారు గనకనే ఇవ్వలేదు. రవణమ్మగారు వేశారు. ఇంకోటి వేస్తే మనిషి దక్కడు!"

"చూశావా అన్నా!" అంది సులోచన. "నే చెప్తే విన్నావా?"

"ఏం పెట్టావమ్మాయ్ మా నాయనకి? ఎవరిచ్చారు నీకది?" మాల్యాద్రి గొంతు వీధిలోకి వినబడింది.

రవణమ్మ దీవెన వైపు ఒక్క చూపు చూసి తల దించుకుంది. స్ట్రెచరు మీద చెంచురామయ్య మెడ తిప్పి కోడలిని చాలాసేపు చూశాడు. పక్కనే పెట్టుకున్న మరచెంబును తడిమి, మూత బిగించి ఉందో లేదో వేళ్లతో చూసుకున్నాడు.

దారిలో రక్తపోటు మెల్లగా పైకొచ్చింది. ఆసుపత్రిలో రోగిని అప్పజెబుతూ కోదండపాణి గారు అక్కడి డాక్టరుతో గొంతు తగ్గించి, "నాలుక కింది మాత్రలు మూడు పడ్డాయి. ముగ్గురు తలా ఒకటి వేశారు, ఒకరికి తెలియకుండా ఒకరు," అన్నారు.

సెలైన్ గొట్టం సర్దుతున్న దీవెన ఇటు తిరిగింది. "ముగ్గురా సార్?"

"కొడుకు అట్ట చొక్కా జేబులో ఉంది. కూతురి అట్ట చేతిసంచిలో ఉంది. బతికితే నేనే బతికించానని చెప్పుకోవాలి. పోతే తన పేరు రాకూడదు. చెప్పొద్దని ఇద్దరూ నా చేతులు పట్టుకున్నారు."

మనిషి తేరుకున్నాక ఆయన దీవెనను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్లారు. మంచం పక్కన కూర్చుని, "మాత్ర మీవాళ్లు ముగ్గురూ వేశారయ్యా. రవణమ్మ ఒక్కతే కాదు. తక్కిన ఇద్దరూ నాతో స్వయంగా చెప్పారు," అన్నారు. చెంచురామయ్య మరచెంబు మూత తిప్పి ఒక గుక్క తాగి, మళ్లీ బిగించాడు.

"నా కోడలు మీకేం ముట్టజెప్పింది డాక్టరుగారూ?" అన్నాడు.

దీవెన నోరు తెరవబోయింది గాని, ఆ కళ్లు ఆమె వేళ్ల మీదికి మళ్లడం చూసి చేతులు వెనక్కి తీసుకుంది.

మరుసటేడు పొగాకు కొనుగోళ్లు ముగిశాక చెంచురామయ్య నిద్రలోనే పోయాడు. ఈసారి ఎవరూ ఏ మాత్రా వెయ్యలేదు. ఆ ఊరి మీదుగా బండి వెళ్లినప్పుడు విన్న సంగతులు దీవెన గురువుగారికి చెప్పింది. వీలునామా రాశాడట. గోడౌన్లు రెండూ మాల్యాద్రికి. మేడ సులోచనకు, వెనక వాటాతో సహా. మరచెంబు ఎవరికీ రాయలేదు. మాల్యాద్రి తీసుకుని తన దిండు కింద పెట్టుకుంటున్నాడట. రవణమ్మకు ఏమీ లేదు. ఎవరిదో పొగాకు ఆరబెట్టే బేరన్‌లో ఆకు గ్రేడు చేసే కూలికి పోతోంది.

చెప్పడం అయ్యాక, దీవెన మందుల పెట్టెలో మాత్రల అట్టలను ఊరికే సర్దుతూ కూర్చుంది. కోదండపాణి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ మూడు మాత్రలకు కాళ్లెత్తి పడుకోబెడితే సరిపోయిందమ్మా. నోరు దాటిన మాటకే అలాంటిదేం లేకపోయింది," అని పెట్టె మూత వేశారు.