కుళాయి దగ్గరి రాయి

ఓబద్యా మేస్త్రికి చర్చికి పోవాలని మనసు లాగుతోంది. తల వంచుకుని పోవడానికి మాత్రం మెడ ఒప్పుకోవడం లేదు.

ఆ మెడ మొదటినుంచీ అలాంటిదే. పన్నెండేళ్ళ కిందట సొంత ఊళ్ళో చర్చి కట్టింది ఆయనే. పునాదికి ముగ్గు పోసిన దగ్గర్నుంచి పైన సిలువ నిలబెట్టిందాకా మరో మేస్త్రి అక్కడ తాపీ పట్టలేదు. లోపలి కమాను మూడుసార్లు కట్టాడు, నచ్చక రెండుసార్లు తనే పడగొట్టాడు. వంకలు పెడదామని వచ్చినవాళ్ళు కూడా తలెత్తి ఆ కమాను చూసి నోరు మూసుకుని వెళ్ళారు. అలాంటి పని చేసినవాడు కాస్త ఛాతీ విరుచుకుని తిరిగితే తప్పు పట్టలేం.

ప్రతిష్ఠ రోజున గుమ్మం పక్కన శిలాఫలకం మీది గుడ్డ తీశారు. అన్నిటికన్నా పైన పాస్టరు దైవాధీనం అయ్యగారి పేరు. కింద సంఘ పెద్దలు, చందాలిచ్చినవాళ్ళు, ఇసుక తోలిన ట్రాక్టరాయన, ఆఖరికి మైకుసెట్టు అరువిచ్చినాయన కూడా. ఓబద్యా పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. ఆయనకు చదవడం నేర్పింది ఆ అయ్యగారే, బాప్తిస్మం ఇచ్చిందీ ఆయనే. రాయి మీద ఓబద్యా పేరు లేదు.

భుజం మీది తువ్వాలు దులుపుకుని బయటికి నడిచాడు. ఆ వారంలోనే పెళ్ళాంబిడ్డలతో ఒంగోలు చేరాడు.

ఒంగోల్లో వీధికో చర్చి ఉంది. ఒక్కదాని గడపా తొక్కలేదు. ఇంట్లో ఎవరైనా ఆ ఊసెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. కొన్నాళ్ళకు ఎత్తడం మానేశారు.

పోయినేడు గోడ పనికి కట్టిన సారవ మీంచి పడి కాలు విరిగింది. మూడు నెలలు మంచం. నొప్పి పుట్టినప్పుడల్లా, చిన్నప్పుడు అయ్యగారు బట్టీ పట్టించిన ప్రార్థన దానంతటదే నోట్లోకి వచ్చేది. ఆపుదామని చూశాడు, ఆగలేదు. లేచి తిరుగుతున్నాక కూడా ఆదివారం పొద్దున గంట వినబడితే టిఫిను సయించడం మానేసింది.

చివరికి ఒక శనివారం మధ్యాహ్నం ఊరి బస్సెక్కాడు. ఉత్త చేతుల్తో ఎక్కలేదు లెండి, ఒక షరతు వెంటబెట్టుకునే ఎక్కాడు.

మర్నాడు బల్లారాధన. దైవాధీనం అయ్యగారు చర్చి ముందు కుళాయి పక్కన పీట వేసుకుని ద్రాక్షరసం పోసిచ్చే చిన్నచిన్న గ్లాసులు తోముతున్నారు. ఎనభై దగ్గర పడ్డ మనిషి. తలెత్తి చూశారు. పన్నెండేళ్ళ మాట ఒక్కటీ ఎత్తలేదు.

"ఎండనబడి వచ్చావు. ముందు కాళ్ళు కడుక్కో."

కుళాయి కింద పరిచిన రాయి మీద ఓబద్యా కాలు పెట్టాడు. అది ఒక పక్కకు ఒరిగింది. మేస్త్రి ప్రాణం చివుక్కుమంది.

"ఏందయ్యగారూ ఇది, ఊగులాడతా ఉంది. ఎవురు పరిచారు దీన్ని?"

"నేనే."

"అదీ సంగతి. ముసలోళ్ళు పడితే ఏమవ్వాల?"

"కుళాయి పట్టుకుని నిలబడతారు. అలవాటైపోయింది."

ఓబద్యా కాళ్ళు కడుక్కున్నాడు. బస్సులో మళ్ళీ మళ్ళీ అనుకున్న మాట నిలబడే చెప్పేశాడు.

"నేను తిరిగి రావాలనుకుంటన్నా అయ్యగారూ. రేపే వస్తా. కాకపోతే ఆ రాయి మీద నా పేరుండాల. అడుగున రాసినా సరే. ఈ గోడలు నేను కట్టినాయి."

"నువ్వే కట్టావు," అన్నారు అయ్యగారు. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి ఉలీ సుత్తీ తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. "అడుగునెందుకు? నా పేరుకి పైన చెక్కుకో."

ఓబద్యా గుండె ఉప్పొంగింది. ఇంత సులువుగా గెలుస్తానని అనుకోలేదు. కుంటుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ గోడ మీద రాయి లేదు. నాలుగు చిల్లులు, వాటి మీద పాత సున్నం.

"రాయేదయ్యగారూ?"

"ఇందాక దాని మీదే కదరా కాళ్ళు కడుక్కున్నావు."

ఓబద్యా కుళాయి దగ్గరికి తిరిగొచ్చాడు. గడ్డపార అడిగి తీసుకుని రాయిని ఓ వైపు లేపి, కింద ఇటుకముక్క ఎగదోసి, వంగి చూశాడు. బోర్లా పడుకున్న అక్షరాల్లో బురద. చేత్తో తుడిచాడు. మొదట బయటపడింది అయ్యగారి పేరే.

"ఎప్పుడు తీశారు?"

"నువ్వెళ్ళిన మరుసటి ఆదివారం."

"పెద్దోళ్ళు ఊరుకున్నారా?"

"అలిగారు. తర్వాత దాని మీదే కాళ్ళు కడుక్కున్నారు."

ఓబద్యాకు నవ్వొచ్చింది. చేతిలో ఉలి ఉంది. చెక్కుకోవడానికి చోటూ ఉంది. ఉలి తీసుకెళ్ళి అయ్యగారి పీట పక్కన పెట్టాడు.

పంచె ఎగ్గట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. విరిగిన కాలు సలుపుతున్నా లెక్కచెయ్యలేదు. అడుగు మట్టి చెక్కేసి, కంకర పోసి గట్టిపడేలా దిమ్మిస కొట్టాడు. మీద ఇసుక పరిచి, అక్షరాలు కిందికే ఉంచి రాయిని దించాడు. చెంబుతో నీళ్ళు పోస్తే నీళ్ళు కాలువ వైపు కాకుండా గోడ వైపు పోయాయి. మళ్ళీ లేపాడు, వాటం సరిచేశాడు. మూడోసారికి నీళ్ళు చెప్పినట్టు విన్నాయి. రాయి మీద నిలబడి రెండు కాళ్ళ మీదా బరువు మార్చి చూశాడు. కదల్లేదు. ఈ చేతుల్లో పనితనం ఇంకా పోలేదనుకున్నాడు.

"ఇంత చిన్న పని పన్నెండేళ్ళు వదిలేశారేంది అయ్యగారూ? ఊళ్ళో మేస్త్రీలే లేరా?"

"ఇద్దరు వచ్చి చేస్తామన్నారు. వద్దన్నాను."

"ఎందుకని?"

అయ్యగారు తోమిన గ్లాసుల్ని ఒక్కొక్కటే గుడ్డ మీద బోర్లిస్తున్నారు.

"మా మేస్త్రి ఊళ్ళో లేడు, వస్తాడని చెప్పాను."

ఓబద్యా కుళాయి వైపు తిరిగి చేతులు కడుక్కోసాగాడు. మట్టి ఎప్పుడో పోయింది. ఆయన ఇంకా కడుక్కుంటూనే ఉన్నాడు.