కూతలమ్మ గుడిలో నాలుక లేని గంట

మబ్బులు కాళ్ల కింద తిరిగే పాలమంచు కొండ మీద కూతలమ్మ తల్లి కొలువై ఉన్నది. గర్భగుడి ముందు చిన్న ఇత్తడి గంట వేలాడుతుంటుంది. ఎంత ఊపినా మోగదు. కొత్తగా వచ్చిన భక్తులు దాన్ని ఊపి చూసి, బిక్కమొహం వేయడం ఇక్కడ మామూలే. దానికి నాలుక లేదు. ఎందుకు లేదో చిత్తగించండి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, చెట్లూ మబ్బులే. దిగువన వానలు మొహం చాటేసిన ఏడు, దాలయ్య అనే పశువుల కాపరి భార్య ఎర్రెమ్మతో కలిసి మందను పైకి తోలుకొచ్చాడు. గడ్డి దొరికింది గాని నీళ్లు లేవు. వాగులన్నీ ఎండి రాళ్లు తేలాయి. దూడలు ఒక్కొక్కటే కూలబడుతుంటే పాపం అతని గుండె తరుక్కుపోయింది.

మిట్టమధ్యాహ్నం చెట్టుకు చేరగిలబడి కునుకు తీస్తుండగా, ఆకుపచ్చ చీర కట్టిన ముత్తైదువ కలలో కనిపించింది. "నీళ్ల దగ్గరికి రమ్మని పిలుస్తూనే ఉన్నాను నాయనా. నీ గంట నా పిలుపు వినపడనిస్తేనా?" అని విసుక్కుని మాయమైంది.

ఆ గంట మందకు ముందు నడిచే చుక్కావు మెడలోది. మబ్బులో మంద అంతా దాని మోతను పట్టుకునే నడిచేది. దాలయ్య గంట నాలుక ఊడదీయబోతే ఎర్రెమ్మ గయ్యిమంది.

"బుర్రగాని తిరిగిందేటి నీకు? గంట మోగకపోతే మందంతా చెదిరి లోయలో పడిపోతాది!"

"నీళ్లు లేకపోతే ఎలాగూ పోతాయే. నాకు మాత్రం భయం లేదనుకున్నావేటి?" అంటూనే ఊడదీశాడు.

కొండ ఒక్కసారిగా సద్దుమణిగింది. అప్పుడు వినిపించింది, టిక్కు టిక్కుమంటూ సన్నని కూత. దాలయ్య చుక్కావు కొమ్ము పట్టుకుని తడుముకుంటూ ఆ కూత వెంట నడిచాడు. ఎర్రెమ్మ తిట్లు మానకుండానే మందను అదిలిస్తూ వెనక వచ్చింది. తీరా దగ్గరికి వెళ్లేసరికి కూత ఆగిపోయింది. వెతికితే, వంగిన కొమ్మ చివర ఆకు మీద బొటనవేలి గోరంత చెట్టుకప్ప!

"ఓలమ్మో, అంత దూరం వినపడిన గొంతు ఈ పిసరుదా!" అని ఎర్రెమ్మ బుగ్గలు నొక్కుకుంది.

ఆ కొమ్మ కిందే, నాచు కప్పేసిన రాతి నెర్రెలో ఊట ఉన్నది. చుక్కావు మూతి పెట్టి తాగుతుంటే ఆలుమగలిద్దరూ ఏడ్చేశారు. ఊట పక్కనే రాతిలో తల్లిని నిలిపి, ఆ గంటను అక్కడే కట్టారు.

ఇప్పటికీ ఈ కొండెక్కే కాపరులు మొదటి మలుపులోనే పశువుల గంటల్లో గడ్డి కుక్కుతారు. చెట్టుకప్ప కూత వినిపించాకే హారతి. అది ఎప్పుడు కూస్తుందో తల్లికే ఎరుక, పూజారి గారిని అడిగి లాభం లేదు. ఓపికగా విన్నవారి ఇంట నీటికి కరువు రాదని నమ్మకం. కాబట్టి గంటను ఊపకండి. పక్కన కాసేపు మాటలు మాని కూర్చోండి, తల్లే పిలుస్తుంది.