వేన్నీళ్ల తొట్టిలో తేట

మంచుకోట రాజుగారి వేన్నీళ్ల తొట్టిలో దిగితే ఎవరికైనా కళ్లు మూతలు పడాల్సిందే. పైన ఆవిరి మబ్బులా తేలేది. అడుగున పరిచిన రాళ్లు కలలో చూసినట్టు మెరిసేవి. ఆ తేటంతా నీళ్లు కాచే ఓబులమ్మ చలవే. రోజూ కాగులో నీళ్లను తేర్చే చిల్లగింజ అరగదీసి కలిపి, మురికి అడుక్కి దిగాక పైతేట తొట్టిలోకి తోడిపోసేది.

సేనాపతి భైరవనాయుడు మాత్రం ఒంటినిండా నూనె పట్టించుకుని, సున్నిపిండితో రుద్దుకోకుండానే దిగేవాడు. నీళ్లు జిడ్డుకట్టేవి.

ఒకనాడు తొట్టి దగ్గరే రాజుగారితో, "ఈమెకు గింజ పాళ్లు తెలియక నీళ్లు జిడ్డుకడుతున్నాయి ప్రభూ, పని మాన్పించండి" అన్నాడు.

ఓబులమ్మ ఆవిరిలోంచి చెంబుడు నీళ్లు ముంచి, "దిగేముందు ఓ గుక్క తాగి చూడండి దొరా" అంది.

రాజుగారు చూస్తున్నారు. సేనాపతి తాగాడు. వంక పెట్టడానికేమీ దొరకలేదు. ఎప్పటిలా నూనె ఒంటితోనే తొట్టిలో దిగి, తనివితీరా మునిగి పైకొచ్చాడు.

ఓబులమ్మ మళ్లీ చెంబు ముంచి అందించింది.

"ఛీ! ఇవెవడు తాగుతాడు?"

"తమరు దిగడం తప్ప మధ్యలో ఇంకేమీ జరగలేదు దొరా."

రాజుగారు సున్నిపిండి గిన్నె తీసి సేనాపతి చేతిలో పెట్టారు.