పొగ రాని ఇల్లు

రాజులున్న రోజుల్లో ఒక పట్నంలో కొత్త శాసనం వచ్చింది. మూడు రోజులు పొయ్యి వెలగని ఇల్లు ఖాళీ కొంప కింద లెక్కట, అది సర్కారుకి పోతుందట. తలదాచుకోను చోటు లేని వాళ్ళకి ఇవ్వడానికని చాటింపు వేశారు. మాట మంచిదే. ఏమిటో, దివానుగారి కన్ను మాత్రం వీధి మొగలో చాపలల్లే నూకాలు ఇంటి మీదే పడింది.

నూకాలు మొగుడు ఎర్రయ్య పోయి అది నాలుగో రోజు. చావింట్లో పొయ్యి ముట్టించరు కదా, ఇరుగుపొరుగు తెచ్చిన అన్నం ఆవిడ ముందు చల్లారిపోతోంది. దివాను తాళం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"మూడు రోజులుగా పొగ లేదు. ఇల్లు ఖాళీ. లే, బయటికి నడు."

నూకాలు కళ్ళు తుడుచుకుంది. "అలాగే పోతాను బాబూ. కిందటి నెల రాజుగారి తల్లి పోయినప్పుడు కోటలోనూ పది రోజులు పొయ్యి వెలగలేదు. అన్ని రోజులూ మా వీధి వాళ్ళమే వండి పంపాం. కావడి మోసింది మా ఆయనే. కోట కూడా ఖాళీయేనని తమరు రాజుగారితో ఒక్కసారి అనండి, ఆ మాట విని వెళ్ళిపోతాను."

 ఆ మాట అంటే దివాను మెడ మీద తల ఉండదు, అనకపోతే ఈ ఇల్లు దక్కదు. తాళం చంకన పెట్టుకుని వచ్చిన దారినే పోయాడు.

"గెలిచావే నూకాలూ!" అంది పక్కింటి సూరమ్మ.

నూకాలు ఇంట్లోకి చూసింది. "ఖాళీ కాదని దివానుగారిని ఒప్పించాను వదినా. నన్నెవరు ఒప్పిస్తారు?"