వడియాల కాపలా

శేషమాంబగారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు వెంటనే దొరకదు. ముందు ఏదో ఒక పని దొరుకుతుంది. సామర్లకోటలో ఆమె దగ్గర ధ్యానం నేర్చుకునేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అయినా అడగడం మానరు, ఆనక నడుము పట్టుకుని మూలగడమూ మానరు.

నీలవేణికి రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, ఊడిన జుట్టు మళ్లీ చెవులదాకా పెరిగింది. తిరిగి రానిది ధైర్యం ఒక్కటే. మర్నాడు పరీక్షలకు ఆసుపత్రికి రమ్మన్నారు. వెళ్లకూడదని నిశ్చయించుకుని, ఆ మాట చెప్పడానికే గురువుగారి దగ్గరికి వచ్చింది.

“అమ్మగారూ, మీరు చెప్పినట్టే రోజూ ఊపిరి గమనిస్తూ కూర్చుంటున్నాను. భయం మాత్రం పోలేదు. జబ్బు మళ్లీ వచ్చిందంటే వినే ఓపిక నాకు లేదు. రేపు వెళ్లను. ఈ ధ్యానం నాకు అబ్బలేదంటారా?”

శేషమాంబగారు చేతికంటిన పిండి కడుక్కుని, ఓ కర్ర తెచ్చి ఇచ్చారు. “మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టాను. కాకులు ముట్టకుండా చూడు.”

నీలవేణికి ఒళ్లు మండింది. ప్రాణం మీదికి వచ్చిందని మొరపెట్టుకుంటే వడియాల కాపలానా! ఆ కోపమంతా మొదట వాలిన కాకి మీద చూపించింది. పిట్టగోడదాకా తరిమింది. అది పక్కింటి కొబ్బరిచెట్టెక్కి కూర్చుంటే, అక్కణ్నుంచి కూడా లేచిపోయేదాకా అదిలిస్తూనే ఉంది. వెనక్కి తిరిగేసరికి దాని చుట్టపక్కాలన్నీ పాత చీర మీద చేరి ఓ వరస వడియాలు పాడుచేశాయి.

మెట్లెక్కి వచ్చిన శేషమాంబగారు అది చూశారు. “ఏమే, కాకుల్ని ఊరు దాటించమన్నానా, వడియాలు చూడమన్నానా?” అనేసి దిగిపోయారు.

నీలవేణి సిగ్గుపడి చీర పక్కనే చతికిలబడింది. గచ్చు వెచ్చగా ఉంది. పిండిలోంచి ఇంగువ వాసన వస్తోంది. మందుల రోజుల్లో ఆ వాసనకే కడుపులో తిప్పేది, ఇప్పుడు నోరూరింది. కాకి వచ్చింది. లేవకుండానే కర్ర కాస్త కదిపింది. అది ఎగిరిపోయి, మళ్లీ వచ్చింది. మళ్లీ కదిపింది. అంతలో రేపటి సంగతి గుర్తొచ్చి గుండె దడదడలాడింది. “నువ్వూ వచ్చావా?” అని నవ్వుకుంది. దాని వెంట పరిగెత్తలేదు. ఊపిరి తీసుకుంది, వదిలింది, వడియాల వంక చూసింది. కాసేపటికి దడ తగ్గింది. తర్వాత మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది.

ఎండ వాలాక శేషమాంబగారు పైకి వచ్చారు.

“కాకులు రావడం మానేశాయా?”

“ఎక్కడమ్మా! వస్తూనే ఉన్నాయి.”

“మరి వడియాలు?”

“ఉన్నాయి.” నీలవేణి కర్రను చేతిలో అటూ ఇటూ తిప్పింది. “రేపు కూడా వస్తాయి కదమ్మా?” అంది.

శేషమాంబగారు ఒక వడియం నొక్కి చూసి, “ఇంకా పచ్చిగానే ఉన్నాయి. రేపు నేను కాస్తాను, నువ్వు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లిరా. ఎల్లుండి మళ్లీ నీ వంతే” అన్నారు.