జోడు సన్నాయి

కోటిలింగం మాస్టారిని ప్రశ్న అడిగితే నేరుగా జవాబు రాదు. ఎవరిదో ఒకరి సంగతి ఎత్తుకుంటారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పిన ముప్పయ్యేళ్లూ అంతే, రిటైరై బాపట్లలో స్థిరపడ్డాకా అంతే.

ఆయన దగ్గర చదువుకున్న హరిణి ఆ వేసవిలో బెంగళూరు నుంచి దిగులుగా వచ్చింది. ఒక్క పరమాణువును గాలి తీసేసిన పెట్టెలో చల్లబరిచి, ఒకేసారి రెండు స్థితుల్లో నిలబెట్టడం ఆమె పరిశోధన. రెండేళ్లుగా నిలబెడుతూనే ఉంది. రెప్పపాటులో అది మామూలు వస్తువులాగే ఏదో ఒక స్థితిలోకి వచ్చేస్తోంది. ఇక మానేద్దామా అన్నంత వరకూ వచ్చింది ఆమెకు.

“ఎవరైనా కొలిస్తేనే అది ఏదో ఒకటిగా తేలుతుందంటారు. ఎవరూ కొలవలేదు మాస్టారూ, ఎవరూ చూడలేదు. మరి తేల్చిందెవరు?” అని అడిగింది.

తన తండ్రి వీరాస్వామి, బాబాయి పిచ్చయ్య జోడు సన్నాయి వాయించేవారని మాస్టారు మొదలుపెట్టారు. ఇద్దరూ కలిసి ఊదితే వినేవాళ్లకు ఒకటే సన్నాయి అనిపించేదట. ఒక మధ్యాహ్నం, రాగం ఎత్తుకునే తీరు దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చింది. విడిపోదామని ఎవరూ అనలేదు, కలిసుందామనీ అనలేదు. చెరో మూలా కూర్చుని అన్నం తిన్నారు. అప్పటికి ఏదైనా కావచ్చు. ఇంతలో డోలు వాయించే బసవయ్య వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. పాలావిడ కూడా చూసి వెళ్లింది. వారం తిరిగేసరికి పెళ్లివారొకరు వచ్చి, “మీరొక్కరే వస్తారు కదా” అని వీరాస్వామిని అడిగారు. మరొకరు పిచ్చయ్యకు వేరుగా తాంబూలం ఇచ్చి వెళ్లారు.

వీరాస్వామికి భయం పట్టుకుంది. బసవయ్య ఇంటికి వెళ్లి అలాంటిదేమీ లేదన్నాడు. అన్నదమ్ములు విడిపోయేలా ఉన్నారని తాను ఇద్దరితోనే అన్నానని బసవయ్య నొచ్చుకున్నాడు. ఆ మాట విన్న ఇద్దరినీ అడిగితే, వాళ్లు ఆరుగురి పేర్లు చెప్పారు. ఇల్లిల్లూ తిరిగాడు. పదమూడో ఇంట్లో ఒక ముసలామె ఆప్యాయంగా, “మళ్లీ కలుస్తున్నారా నాయనా? మంచిదే” అంది. వీరాస్వామి ఆ అరుగు మీదే కూలబడ్డాడు. తామిద్దరం విడిపోయామని ఆయనకు తెలిసింది అక్కడే. ఆ తర్వాత అన్నదమ్ములు ఒక పందిట్లో కూర్చోలేదు.

హరిణికి తన పెట్టె గుర్తొచ్చింది. పెట్టెలో ఎక్కడో మిగిలిపోయిన గాలి రేణువులు, గోడల వెచ్చదనం, ఇంకా ఏవేవి పరమాణువును తాకి, బసవయ్యలా కబురు మోసుకుపోతున్నాయోనని మనసులోనే వెతుక్కుంది. చివరికి, నాన్నగారు ఆ పదమూడో ఇంటి దగ్గర ఆగకుండా అన్ని ఇళ్లూ తిరిగి ఉంటే ఏమయ్యేదని మెల్లగా అడిగింది.

మాస్టారు వీధి పొడవునా ఉన్న ఇళ్ల వైపు చెయ్యి చూపించారు.

“ఎన్ని ఇళ్లు తిరగాలో మా నాన్నకు తెలియదమ్మా. నీ పెట్టె చిన్నదేగా.”